టీవీ కింద కంప్యూటర్ రొద, వేడి: అమ్మ ఆలాపన వినలేకపోతోంది, ఏం చేయాలి?

కృష్ణలంక_కుర్రాడు
రెండేళ్ల కిందట హాల్లో టీవీ కోసం ఒక కంప్యూటర్ నేనే బిగించాను. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, దాని బాక్సులో వచ్చిన కూలరే, 16 జీబీ ర్యామ్, విండోస్ కోసం 250 జీబీ ఎస్ఎస్‌డీ, 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కులు రెండు, ఒక్కోటి 2 టీబీ. గ్రాఫిక్స్ కార్డు లేదు. కేస్ పాత వీసీఆర్ లాగా అడ్డంగా పడుకునే రకం. టీవీ యూనిట్ కింది అరలో, గాజు తలుపు వెనక పెట్టాను.

మా అమ్మ సంగీతం టీచర్. ఆమె దగ్గరున్న పాత క్యాసెట్లు దాదాపు 300. ఏడాది పాటు కూర్చుని అన్నీ నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. రోజూ రాత్రి పది దాటాక ఏదో ఒక కచేరీ పెట్టుకుంటుంది. ఆలాపన మొదట్లో గొంతు సన్నగా లేస్తుంది కదా, సరిగ్గా అక్కడ ఈ డబ్బా రొద అడ్డం వస్తోంది. మొన్న "దీని శ్రుతి వేరు, పాట శ్రుతి వేరు, తల నొప్పి వస్తోంది, ఆపెయ్ నాన్నా" అని లేచి వెళ్లిపోయింది. చాలా బాధేసింది.

నాకు వినిపించేవి మూడు రకాలు. ఒకటి, ఎప్పుడూ ఉండే గాలి రొద. రెండు, వూం... వూం... అని పెరుగుతూ తగ్గుతూ ఉండే మోత. మూడు, ఉన్నట్టుండి వుయ్యిమని లేచి పడిపోయే శబ్దం. యూట్యూబ్‌లో కచేరీ పెడితే మూడోది మరీ ఎక్కువ, డిస్కులో ఉన్నవి పెడితే అంత ఉండదు. ప్రాసెసర్ వేడి ఊరికే ఉన్నప్పుడే 58 డిగ్రీలు, యూట్యూబ్ 4కే పెడితే 85. గదిలో 34.

బడ్జెట్ ఆరేడు వేలు. లిక్విడ్ కూలింగ్ పెట్టేద్దామా?

సోల్డర్_సుబ్బు
లిక్విడ్ వద్దు. 65 వాట్ల చిప్‌కి అదెందుకు? పైగా పంప్ ఒకటి తోడవుతుంది. ఇప్పుడు మూడు శబ్దాలు, అప్పుడు నాలుగు.

కూకట్‌పల్లి_కోడెక్
మూడో శబ్దంలో సగం సంగతి నువ్వే చెప్పేశావు. యూట్యూబ్‌లో ఎక్కువ, ఫైళ్లలో తక్కువ. అంటే వీడియో విప్పే పని గ్రాఫిక్స్ భాగం చేయట్లేదు, ప్రాసెసర్ కోర్ల మీద పడుతోంది.

వీడియోని కుదించి పంపే పద్ధతులను కోడెక్‌లు అంటారు. 5600జీలో ఉన్న గ్రాఫిక్స్ హెచ్.264, హెచ్ఈవీసీ, వీపీ9 అనే మూడు కోడెక్‌లనూ హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. ఏవీ1 అనే కొత్త కోడెక్‌ని మాత్రం విప్పలేదు. యూట్యూబ్ ఏమో చాలా వీడియోలు ఏవీ1లో పంపిస్తుంది. అప్పుడు ఆరు కోర్లూ చెమటోడుస్తాయి.

వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరువు. కోడెక్స్ అన్న వరుస ఏవీ01 అని మొదలైతే నేను చెప్పిందే. ఫైర్‌ఫాక్స్ వాడితే ఎబౌట్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల పేజీలోకి వెళ్లి ఏవీ1 సెట్టింగ్‌ని ఫాల్స్ చెయ్యి. క్రోమ్ అయితే ఏవీ1ని ఆపే ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి. వీపీ9 వస్తుంది, బొమ్మలో తేడా నీ కంటికి తెలియదు.

పైసా ఖర్చు లేదు, ముందు ఇది చెయ్యి.

డాలస్_బాబాయ్
నేను చెప్పేది సూటి దారి. కంప్యూటర్‌ని హాల్లోంచి తీసేయ్. మా ఇంట్లో అది బట్టల అల్మరాలో ఉంటుంది, గోడలోంచి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగాను. 12 మీటర్లు కాబట్టి మామూలు రాగి కేబుల్ 4కే 60కి నిలబడలేదు, ఆప్టికల్ రకం వేయాల్సి వచ్చింది. టీవీ దగ్గర నిశ్శబ్దం.

కృష్ణలంక_కుర్రాడు
@డాలస్_బాబాయ్ అద్దె ఇల్లు బాబాయ్. మేకు కొట్టాలన్నా ఓనర్ గారిని అడగాలి. పైగా ఉన్నవి రెండు గదులే, రెండో దాంట్లో నాన్న పడుకుంటారు.

@కూకట్‌పల్లి_కోడెక్ ఇప్పుడే చూశాను అన్నా. ఏవీ01. ఆపేశాను. వేడి 85 నుంచి 69కి దిగింది, నిమిషంలో! రెండేళ్లుగా నాకు తెలియలేదు.

గోదారి_అక్క
ఇంతకన్నా మంచి సలహా రాదేమో. అయినా ఊరికే ఉన్నప్పుడు 58 ఏంటి తమ్ముడూ? మాదీ అదే చిప్, పాలకొల్లు ఎండల్లో కూడా 45 దాటదు. నీ అరలో గాలి ఆడట్లేదు.

ఓరుగల్లు_గాలి
అక్క అన్నది కరెక్ట్. నేను నాలుగు ప్రశ్నలు అడుగుతా, చూసి చెప్పు.

అర వెనక చెక్క ఉందా, తీసేశారా? గాజు తలుపు మూసే ఉంచుతారా? అదే అరలో ఇంకేమున్నాయి? ఇంట్లో థర్మామీటర్ ఏదైనా ఉంటే, రెండు గంటలు నడిచాక అర లోపల పెట్టి చూడు, ఎంత ఉంది?

కృష్ణలంక_కుర్రాడు
వెనక ప్లైవుడ్ ఉంది, వైర్ల కోసం చేయి పట్టేంత రంధ్రం ఒకటే. తలుపు మూసే ఉంటుంది, చప్పుడు తగ్గుతుందని నేనే మూస్తాను. కంప్యూటర్ కింద డీటీహెచ్ డబ్బా ఉంది. గదికి పెట్టే చిన్న డిజిటల్ థర్మామీటర్ లోపల పెట్టాను: 46 డిగ్రీలు.

ఓరుగల్లు_గాలి
ఇగ దొరికింది. నీ కంప్యూటర్ 34 డిగ్రీల గదిలో లేదు, 46 డిగ్రీల పెట్టెలో ఉంది. ఫ్యాన్ లాక్కునేది అది వదిలిన వేడి గాలే. ఎంత ఖరీదైన కూలర్ అయినా లోపలికి వచ్చే గాలి కన్నా చల్లగా చేయలేదు. కాబట్టి నువ్వు కూలర్ కొన్నా, ఫ్యాన్లు కొన్నా ముందు ఆ 12 డిగ్రీలు తీసేయాలి. చప్పుడు తగ్గాలని తలుపు మూస్తున్నావు, తలుపు మూసినందుకే ఫ్యాన్ అరుస్తోంది.

డీటీహెచ్ డబ్బా ఈ రోజే బయట పెట్టు. అవి స్టాండ్‌బైలో కూడా వెచ్చగానే ఉంటాయి, చేయి పెట్టి చూడు. కింద కుంపటి పెట్టి పైన చల్లార్చుకున్నట్టు ఉంది.

తర్వాత వడ్రంగిని పిలిచి వెనక ప్లైవుడ్‌లో పై అంచుకు దగ్గరగా 120 ఎంఎం రంధ్రాలు రెండు కొట్టించు. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి పైనే ఉండాలి. చల్ల గాలి కింద నుంచి రావాలి, అంటే తలుపు కింద రెండు సెంటీమీటర్ల సందు, లేదా అర అడుగున ముందు వైపు పొడవాటి చీలిక. యూనిట్‌ని గోడకు ఆనించకుండా పది సెంటీమీటర్లు జరుపు.

ఫోమ్_ఫణి
అర లోపల అంతా అకౌస్టిక్ ఫోమ్ అంటించేస్తే అయిపోతుంది కదా? నేను స్టూడియో గదికి వేశాను, అద్భుతంగా పనిచేసింది.

ఓరుగల్లు_గాలి
@ఫోమ్_ఫణి గదికి వేరు, డబ్బాకి వేరు బ్రో. పలచటి ఫోమ్ సన్నటి ఈల లాంటి శబ్దాలను పీలుస్తుంది. తమ్ముడు చెప్పిన వూం మోత లాంటి లోతు శబ్దాలకు దాని మందం చాలదు. పైగా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

ఫోమ్_ఫణి
గాలి దారి వదిలేసి మిగతా పక్కలకు వేస్తే తప్పేముంది? ఫ్యాన్ రొద కొంతైనా తగ్గుతుంది.

ఓరుగల్లు_గాలి
తప్పు లేదు, చివర్లో వేసుకోవచ్చు. మొదట వేస్తే రోగం కనపడదు.

మృదంగం77
నేను కంప్యూటర్ మనిషిని కాదు, పక్కవాద్యం వాయిస్తాను. కానీ మీ అమ్మగారి మాట దగ్గర ఆగిపోయాను. దీని శ్రుతి వేరు అన్నారు కదా, అది ఊరికే అన్న మాట కాదు.

7200 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 7200 తిరుగుళ్లు, సెకనుకు 120. డిస్కు నుంచి వచ్చే మోత ముఖ్యంగా 120 హెర్ట్జ్. ఏ స్వరం 440 హెర్ట్జ్ అనే మామూలు లెక్కన ఆరున్నర శ్రుతి కింది స్థాయిలో 116.5, ఏడు శ్రుతి 123.5. ఈ 120 సరిగ్గా ఆ రెంటి మధ్యలో పడుతుంది. అంటే పియానో మీద రెండు మెట్ల నడిమి సందులో ఉన్న స్వరం. ఏ పాటకీ అతకదు. తంబురా మోగుతుంటే పక్కన ఇది నిలబడి ఉంటే చెవి ఉన్నవాళ్లకు తల నొప్పి రాక ఏమవుతుంది?

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ చెవికి.

కృష్ణలంక_కుర్రాడు
@మృదంగం77 గారూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "చూశావా, నేను నెల నుంచీ అదే చెబుతున్నాను" అంది. మీకు ఆశీస్సులు చెప్పమంది.

సోల్డర్_సుబ్బు
ఆయన చెప్పిన లెక్కతో రెండో శబ్దం గుట్టు కూడా తేలిపోయింది. వూం... వూం... అని పెరిగి తగ్గుతోంది అన్నావు. ఒక్క డిస్కు అయితే ఒకే తీరున మోగుతుంది. నీకు రెండున్నాయి, రెండూ 7200 అని రాసున్నా ఒకటి వెంట్రుకవాసి తేడాతో తిరుగుతుంది. రెండు తీగలు కొద్దిగా అపశ్రుతిలో ఉంటే ఎలా ఊగుతాయో అలాగే ఇవీ ఊగుతాయి. ఒకదాని పవర్ వైరు తీసేసి స్టార్ట్ చేసి విను. ఊపు ఆగిపోతే ఇదే.

వైరు మెషిన్ ఆఫ్ చేశాకే తియ్యి.

గోదారి_అక్క
ఇంకో పరీక్ష కూడా ఉంది. కేస్ కింద దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టి విను. ఐదు నిమిషాలే, కింద గాలి రంధ్రాలుంటే మూసుకుపోతాయి కాబట్టి ఎక్కువసేపు వద్దు. మోత ఒక్కసారిగా తగ్గితే డిస్కు వణుకు చెక్కకి ఎక్కుతోందని అర్థం. తీగ మోత చిన్నదే, దాన్ని పెద్దది చేసేది తంబురా కుండ. నీ టీవీ యూనిట్ ఆ కుండ పని చేస్తోంది.

కృష్ణలంక_కుర్రాడు
రెండు పరీక్షలూ చేశాను. ఒక డిస్కు తీసేస్తే ఊపు పోయింది, సన్నటి మోత ఒకటే మిగిలింది. దుప్పటి వేస్తే అదీ దాదాపు పోయింది. దుప్పటి తీశాక అర పైన అరచెయ్యి ఆనించి చూశాను, చెక్క సన్నగా జివ్వుమంటోంది. ఇన్నాళ్లూ ఫ్యానే అనుకున్నాను.

సాగరతీరం
మా వైజాగ్‌లో ఇంకో బాధ. ఉప్పు గాలికి ఫ్యాన్ బేరింగులు తొందరగా పోతాయి. గరగర అంటుంటే మధ్యలో స్టిక్కర్ లేపి ఒక చుక్క కొబ్బరి నూనె వేశాను, నెల రోజులు హాయిగా తిరిగింది.

గోదారి_అక్క
@సాగరతీరం కొబ్బరి నూనె వద్దు తల్లీ! 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. జనవరి పొద్దున ఫ్యాన్ తిరగనే తిరగదు. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. అది కూడా స్లీవ్ బేరింగ్ (గుండ్లు లేని, నూనె మీద తిరిగే చవక రకం) ఫ్యాన్‌కే, అది కూడా కొత్తది కొనేదాకే.

సాగరతీరం
అయ్యో, డిసెంబర్లో స్టార్ట్ కాలేదు నిజంగానే! నేను మదర్‌బోర్డు పోయిందని షాపుకి తీసుకెళ్లాను. థాంక్స్ అక్కా.

సోల్డర్_సుబ్బు
స్లీవ్ బేరింగ్ ఫ్యాన్‌ని పడుకోబెట్టి బిగిస్తే ఇంకా తొందరగా అరుగుతుంది. అడ్డం కేస్ వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ప్రాసెసర్ ఫ్యాన్ ఎలాగూ పడుకునే ఉంటుంది.

@కృష్ణలంక_కుర్రాడు మొదటి శబ్దం గురించి. కేస్ ఫ్యాన్ వైర్లు ఎన్ని? దేనికి తగిలించావు?

కృష్ణలంక_కుర్రాడు
రెండే వైర్లు. కేస్‌తో వచ్చిన 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి. హార్డ్ డిస్కులకి పెట్టే పాత పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్‌కి తగిలించాను. పక్కన రెండో ఫ్యాన్‌కి జాగా ఖాళీగా ఉంది.

సోల్డర్_సుబ్బు
అనుకున్నదే. మోలెక్స్ అంటే సూటిగా 12 వోల్టులు. మెషిన్ నిద్రపోతున్నా, కష్టపడుతున్నా అది ఒకే వేగంతో తిరుగుతుంది. పీడబ్ల్యూఎం (మదర్‌బోర్డే వేగం పెంచి తగ్గించే పద్ధతి) ఉన్న నాలుగు వైర్ల ఫ్యాన్లు రెండు కొని మదర్‌బోర్డుకి తగిలించు. ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం బాగుంటుంది, 200 ఆర్‌పీఎం దాకా దిగుతుంది, పైన 1800. మూడు వైర్ల ఫ్యాన్ కొంటే మాత్రం బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) ఆ హెడర్‌ని, అంటే ఫ్యాన్ తగిలించే పిన్నులని, వోల్టేజీతో వేగం మార్చే డీసీ మోడ్‌కి మార్చాలి, లేకపోతే మళ్లీ ఫుల్ స్పీడే.

ఇన్వర్టర్_ఈశ్వర్
మధ్యలో దూరుతున్నా. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లగానే మా పీసీ పవర్ సప్లై జీ అంటుంది. ఇది కూడా ఫ్యాన్ సమస్యేనా?

సోల్డర్_సుబ్బు
@ఇన్వర్టర్_ఈశ్వర్ నీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ కూడా అప్పుడు గుర్రుమంటుందా? అయితే ఖాయం. ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలి. దానికి వేరే థ్రెడ్ మొదలుపెట్టు, అక్కడ మాట్లాడదాం.

కృష్ణలంక_కుర్రాడు
ఒక డౌట్. ఒక ఫ్యాన్‌తోనే ఇంత రొద అంటే రెండు పెడితే రెట్టింపు అవదా?

ఓరుగల్లు_గాలి
అందరికీ వచ్చే డౌటే. లెక్క చూడు. ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది. అలాంటి ఫ్యాన్ ఇంకొకటి పక్కన పెడితే పెరిగేది 3 డెసిబెళ్లే. అంటే సగం వేగంతో రెండు ఫ్యాన్లు పెడితే వచ్చే గాలి అంతే, చప్పుడు 12 డెసిబెళ్లు తక్కువ. చిన్న ఫ్యాన్ ఒక్కటి గింగిరాలు తిరగడం కన్నా పెద్దవి రెండు మెల్లగా తిరగడం ఎప్పుడూ మేలు.

రెండూ ఒకే దిక్కు ఊదేలా పెట్టకు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. లోపలికి లాగే దానికి జాలీ ఫిల్టర్ వెయ్యి. మీ ఇంట్లో దేవుడి గది హాల్లోనే ఉందా?

కృష్ణలంక_కుర్రాడు
టీవీ పక్కనే అన్నా. ఎలా తెలిసింది?

ఓరుగల్లు_గాలి
చాలా ఇళ్లలో అంతే కదా. అగర్‌బత్తి పొగ, దీపం మసి, దుమ్ముతో కలిస్తే హీట్‌సింక్ (ఫ్యాన్ కింద ఉండే లోహపు దిమ్మ) రెక్కల మధ్య జిడ్డులా పడుతుంది. ఉత్త దుమ్ము బ్లోయర్‌తో పోతుంది, ఇది పోదు. కూలర్ విప్పి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తీసి, ఎంఎక్స్-4 లాంటి మంచి పేస్ట్ కందిగింజంత పెట్టి బిగించు. ఎక్కువ పూస్తే లాభం లేదు.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో. వదిలేస్తే అది రయ్యిమని తిరిగి బేరింగ్ పాడవుతుంది.

సాగరతీరం
ఏఎం4 (ఈ రైజెన్ కూర్చునే సాకెట్ రకం) వాళ్లకి ఒక మాట: కూలర్ లాగేటప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. నాకు అలాగే జరిగి నాలుగు పిన్నులు వంగాయి. పది నిమిషాలు వీడియో నడిపి పేస్ట్ వేడెక్కాక, ఆఫ్ చేసి, వైర్లు తీసేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లేపాలి. సూటిగా లాగకూడదు.

కూకట్‌పల్లి_కోడెక్
@సాగరతీరం ఇది చాలా ముఖ్యం. ప్లస్ వన్.

ఉన్నట్టుండి వుయ్యిమనే దానికి ఇంకో కారణం కూడా ఉంది. రైజెన్‌లో చిన్న పని పడ్డా వేడి సెకనులో పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది. ఫ్యాన్ దాని వెంట పరిగెడుతుంది. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగమో చూపే గీత) తెరిచి 65 డిగ్రీల దాకా గీత చదునుగా ఉంచు, ఆ తర్వాత మెల్లగా ఎక్కనివ్వు. స్టెప్ అప్ టైమ్ లాంటి సెట్టింగ్ ఉంటే పెంచు, మదర్‌బోర్డు కంపెనీని బట్టి పేరు మారుతుంది. ఈ చిప్‌కి గరిష్ఠం 95 డిగ్రీలు, కాబట్టి 70 చూసి టెన్షన్ పడకు. బయోస్‌లోనే ప్రాసెసర్ కరెంటు వాడకాన్ని తగ్గించే 45 వాట్ల ఎకో మోడ్ కూడా ఉంటుంది. సినిమా చూడటానికి, పాట వినడానికి తేడా తెలియదు.

డాలస్_బాబాయ్
ఇంత తంటా ఎందుకు? ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీ ఒకటి కొనుక్కుంటే పోలా? చిప్ 6 వాట్లే, ఏవీ1 కూడా హార్డ్‌వేర్‌లో విప్పుతుంది, ఫ్యాన్ లేని మోడళ్లు దొరుకుతాయి.

గోదారి_అక్క
@డాలస్_బాబాయ్ బాగానే ఉంది, కానీ అబ్బాయి బడ్జెట్ అంతా అక్కడే అయిపోతుంది, దాటినా దాటుతుంది. అయినా అమ్మని బాధ పెడుతున్నది డిస్కుల మోత. మినీ పీసీకి ఆ డిస్కులు తగిలిస్తే మళ్లీ అదే కదా?

డాలస్_బాబాయ్
అది నిజమే. డిస్కుల సంగతి మరిచాను.

మృదంగం77
నాకు ఒకటే ప్రశ్న. ఆ 300 క్యాసెట్ల రికార్డింగులకు ఇంకో కాపీ ఉందా?

కృష్ణలంక_కుర్రాడు
లేదండి. ఒక డిస్కులో అమ్మ పాటలు, ఇంకో దాంట్లో సినిమాలు. క్యాసెట్లు మాత్రం పెట్టెలో ఉన్నాయి, కొన్నిటికి టేపు అతుక్కుపోయింది. వాటిని మళ్లీ ఎక్కించడం కుదరదు.

మృదంగం77
అయితే చప్పుడు సంగతి తర్వాత, ముందు కాపీ చేయండి. ఈ రాత్రికే. నా గురువుగారి కచేరీలు ఒక్క డిస్కులో పెట్టుకుని పోగొట్టుకున్నాను. 1980ల నాటివి. ఇక ఎక్కడా దొరకవు.

సోల్డర్_సుబ్బు
@మృదంగం77 గారి మాట విన్నాక ఒక లెక్క వేశాను. క్యాసెట్ 90 నిమిషాలు అనుకుందాం. సీడీ నాణ్యతలో నిమిషానికి పదిన్నర ఎంబీ చొప్పున ఒక క్యాసెట్ 950 ఎంబీ అవుతుంది. 300 క్యాసెట్లు కలిపి 285 జీబీ. ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఆడియో ఫైల్ రకం) లోకి మారిస్తే ఇంచుమించు సగం, నాణ్యత ఏమీ పోదు.

అంటే అమ్మగారి సంగీతం మొత్తం 500 జీబీ ఎస్ఎస్‌డీలో పట్టేస్తుంది. ఎస్ఎస్‌డీకి తిరిగేది ఏమీ ఉండదు, మోత ఉండదు. పాటల డిస్కుని కేస్‌లోంచి తీసి, కాపీగా బీరువాలో దాచు. సినిమాల డిస్కు ఒక్కటే లోపల ఉంచి, పది నిమిషాలు వాడకపోతే ఆగిపోయేలా విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో పెట్టు. రాత్రి పాటలు వింటున్నప్పుడు ఆ డిస్కు తిరగనే తిరగదు. సినిమా చూసేటప్పుడు తిరిగినా డైలాగుల్లో కలిసిపోతుంది.

కృష్ణలంక_కుర్రాడు
సుబ్బన్నా! ఇది నాకు ఎందుకు తట్టలేదు. రేపే ఎస్ఎస్‌డీ తెస్తాను. కాపీ ఇప్పుడే మొదలుపెట్టాను, సినిమాల డిస్కులో ఖాళీ ఉంది, ఎస్ఎస్‌డీ వచ్చేదాకా అందులో ఉంటుంది.

గోదారి_అక్క
మిగిలిన ఆ ఒక్క డిస్కుకి కూడా మందు చెప్తాను. దాన్ని స్క్రూలతో కేస్‌కి బిగించకు. సీడీ డ్రైవ్ పెట్టే వెడల్పు అర ఖాళీగా ఉంటే, కుట్టుపనికి వాడే అంగుళం ఎలాస్టిక్ నాలుగు వరసలు గట్టిగా లాగి కట్టి, డిస్కుని దాంట్లో ఊయలలా వేలాడదీయి. రేకుకి ఎక్కడా తగలకూడదు. వణుకు ఎలాస్టిక్‌లోనే చచ్చిపోతుంది. నేను నాలుగేళ్ల కిందట కట్టాను, ఏడాదికోసారి సాగిందేమో చూసి మారుస్తాను. జాకెట్లకి తెచ్చిన ఎలాస్టిక్ ముక్కే.

ఫోమ్_ఫణి
డిస్కు వేలాడితే పడిపోదా? రేకుకి తగిలి ఉంటేనే దానికి చల్లదనం కూడా.

గోదారి_అక్క
చల్లదనం మాట కొంత నిజం. అందుకే లోపలికి ఊదే ఫ్యాన్ ఎదురుగా కట్టాలి. నాది 42 డిగ్రీలు దాటలేదు. పడటం మాటకొస్తే, కేస్ కదిలించేటప్పుడు తీసి పక్కన పెట్టాలి. రోజూ మోసుకు తిరిగే మెషిన్ కాదు కదా.

సోల్డర్_సుబ్బు
భయమైతే రబ్బరు వాషర్లు దొరుకుతాయి, స్క్రూకి రేకుకి మధ్య పెట్టాలి. ఎలాస్టిక్ అంత పనిచేయవు కానీ బిగుతుగా ఉంటాయి. కేస్ కాళ్ల కింద కూడా మెత్తటి రబ్బరు ముక్కలు పెట్టు.

కృష్ణలంక_కుర్రాడు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. చేసినవన్నీ చెప్తాను.

డీటీహెచ్ డబ్బా పై అరలోకి వెళ్లింది. మా వీధి వడ్రంగి బాబాయ్ ప్లైవుడ్‌కి పైన రెండు గుండ్రటి రంధ్రాలు, అడుగున ఒక చీలిక కొట్టాడు. అర గంట పని. యూనిట్‌ని గోడ నుంచి పది సెంటీమీటర్లు ముందుకి జరిపాను. కూలర్ విప్పితే హీట్‌సింక్ మధ్యలో పొగ రంగు పొర, వేలితో గీస్తే గీత పడేంత. సాగరతీరం గారు చెప్పినట్టు వేడి చేసి, తిప్పి తీశాను, ప్రాసెసర్ ఊడలేదు. పీ12లు రెండు వేశాను, రెండూ 600 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నాయి. ఎకో మోడ్ పెట్టాను. పాటలు ఎస్ఎస్‌డీలోకి వెళ్లాయి, పాటల డిస్కు బీరువాలో అమ్మ పట్టుచీరల పక్కన ఉంది. సినిమాల డిస్కు ఊయలలో ఉంది.

అర లోపల 46 నుంచి 36కి వచ్చింది. ప్రాసెసర్ ఊరికే ఉన్నప్పుడు 44, యూట్యూబ్ 4కేలో 58. డిస్కు అంతకుముందు 52, ఇప్పుడు 41. కొత్త కూలర్ కొననే లేదు, బాక్సులో వచ్చిందే సరిపోయింది. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్‌తో సోఫా దగ్గర కొలిస్తే ముందూ తర్వాతా 11 డెసిబెళ్ల తేడా.

నిన్న రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఆపేసి అమ్మని కూర్చోబెట్టాను. తోడి ఆలాపన పెట్టుకుంది. మొదటి షడ్జమం దగ్గర కళ్లు మూసుకుంది. నేను పక్కనే నేల మీద కూర్చున్నాను. కొంచెం సేపటికి "ఈ చోట ఎవరో దగ్గారు, విన్నావా?" అంది. వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాం. నిజంగానే ఉంది. టేపు రికార్డు చేసినప్పటి దగ్గు. ఇన్నేళ్లలో ఆమె కూడా మొదటిసారి వినడం.

మృదంగం77
ఇది చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

ఓరుగల్లు_గాలి
చాలా సంతోషం తమ్ముడూ. యాప్ చూపించే అంకె నమ్మకు, ఫోన్ మైకులు అంత కచ్చితంగా కొలవవు. తేడా మాత్రం నమ్మొచ్చు, ఒకే చోట ఒకే ఫోన్‌తో కొలిచావు కాబట్టి.

కూకట్‌పల్లి_కోడెక్
ఫ్యాన్ ఆపి వినడం మంచి పని. చాలామంది వేసవిలో సీలింగ్ ఫ్యాన్ కింద విని సైలెంట్ అంటారు. చలికాలం ఫ్యాన్ ఆపగానే మళ్లీ ఇక్కడికే వస్తారు.

సాగరతీరం
వెనక రంధ్రాలకి జాలీ వేయించావా? మా ఇంట్లో కేస్ వెనక సందులోంచి బల్లి దూరి ఫ్యాన్‌లో పడింది. వెచ్చగా ఉంటుందని వస్తాయి. ఫ్యాన్ ఆగిపోయింది, వాసన వచ్చేదాకా తెలియలేదు.

కృష్ణలంక_కుర్రాడు
అయ్యో, వేయలేదు. దోమల జాలీ వేస్తే గాలి ఆగిపోదా?

ఓరుగల్లు_గాలి
దోమల జాలీ మరీ సన్నం, నెలకే దుమ్ముతో మూసుకుపోతుంది. ఐదారు ఎంఎం కన్నులుండే ఇనుప జాలీ హార్డ్‌వేర్ షాపులో అడుగు. గాలి ఆగదు, పెద్ద బల్లి దూరదు.

గోదారి_అక్క
అంచులు గుచ్చుకుంటాయి, మడిచి కొట్టించు. నువ్వు వైర్లు సర్దడానికి వెనక చెయ్యి పెడతావు కదా.

కృష్ణలంక_కుర్రాడు
సరే అక్కా. ఆదివారం వడ్రంగి బాబాయ్ మళ్లీ వస్తానన్నాడు, అప్పుడు కొట్టిస్తాను.